కిటికీ కాడ కూసున్న హీరోయిన్

(కోరుట్ల బస్టాండు పక్కన దేవేందర్ నవలల దుకాణం. ప్రేమలన్నీ అద్దెకే. దుబాయికి ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు పోయే రోజులు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, ఖాళీ గంపతో వచ్చిన రాజవ్వ నవలను బల్ల మీద విసిరికొట్టింది.)

"ఏందిది దేవేందర్? గిసొంటి నవలిస్తవా నాకు?"

"మెల్లగ వదినె, అట్ట చినుగుతది! గది ఒక్కనాడు గూడ దుకాణంల ఉంటలేదు. జగిత్యాల నుంచి బస్సెక్కి అస్తున్నరు దానికోసం."

"ఏమున్నదని?"

"ఏమున్నదేంది? ప్రేమ! హీరో ఓడెక్కి పోతడు. హీరోయిన్ ఐదేండ్లు కిటికీ కాడ కూసోని ఎదురుసూస్తది. సదివినోళ్లందరు ఏడ్సుడే."

"ఐదేండ్లు కిటికీ కాడ కూసుంటే ఏం తిన్నదామె? ఒక్క బీడీ చుట్టకపాయె. బియ్యమెవలు తెచ్చిన్రు?"

"నవలల్ల బియ్యం సంగతి రాయరు వదినె."

"ఆఖర్ల ఆయన పెట్టె పట్టుకోని దిగుతడు. గిన్నేండ్లు యాడ సచ్చినవని ఒక్క మాటన్న అడగది! పోయి కాళ్ల మీద పడ్తది."

"గదే గద మజా! ఎంత గోసపెట్టినా ఆఖర్ల కలపాలె. కలపకుంటే ఆడోళ్లు పుస్తకం తెచ్చి నా మొఖాన కొడ్తరు."

"కలిపినందుకే కొట్టిన నేను."

"సరే, నీకు నచ్చకపాయె. దుబాయిల ఉన్న వెంకటన్నకు? ఆయనకు సదువు రాదని నువ్వే సదివి క్యాసెట్ నింపి పంపినంటివి గద?"

"ఎందుకు నచ్చది! రూముల ఉన్నోళ్లందరు కండ్లు తుడుసుకున్నరట. మీ అన్న జవాబు క్యాసెట్ పంపిండు. 'నువ్వు గూడ గా పిల్ల లెక్కనే ఉన్నవే రాజీ, నాకిగ రంది లేదు, చింత లేదు' అన్నడు."

"సూసినవా! నవలంటే గట్లుండాలె."

"రంది లేదని, ఇంకో రెండేండ్లకు అగ్రిమెంట్ మీద వేలుముద్ర ఏసిండు."

"రెండేండ్లా!"

"ఇప్పటికే నాలుగాయె. పిల్లకు నాయినంటే టేప్ రికార్డరే. అన్నం గూడ దానికే పెట్టబోతది."

"...మరి ఏం జేద్దామంటవ్ వదినె?"

"మా పక్కింటి సమ్మవ్వకిచ్చినవ్ సూడు, ఎర్ర అట్ట నవల. గది కావాలె."

"అది దండుగ నవల! హీరోయిన్ ఎదురుసూడది, ఇంకోనితోని పోతది. అందరు తిట్టి వాపసిస్తున్నరు."

"సమ్మవ్వ తిట్టలే. గది క్యాసెట్ల నింపి పంపితే, ఇన్న వారానికే ఆమె మొగడు భూమన్న దుబాయి నుంచి ఊళ్లె దిగిండు."

"...తీస్కో. దుమ్ము దులుపుకో."

"గా ఇంకోని పేరేంది?"

"చంద్రకాంత్. ఫోటోలు తీస్తడు."

"గా పేరు కోరుట్లల యాడున్నది? మీ అన్న నమ్మడు. పేరు మార్చి సదువుత."

"ఏమని?"

"దేవేందర్. నవలల దుకాణం."

"వదినె! నీకు దండం పెడ్త! వెంకటన్న అస్తే నన్ను సంపుతడు!"

"సంపేటందుకన్న అస్తడు గద."