చల్లని పూత

కూర్చోండి, కూర్చోండి. ఇంత ఎండలో ఇంటి కప్పెక్కేవాడెవడు? నాలుగింటిదాకా ఈ టీ కొట్టే మనకి ఇల్లు. ముప్పై ఏళ్ళు ఇనప రేకుల మీద కూర్చుని మేకులు కొట్టినవాణ్ణి, ఎండ సంగతి నాకు చెబుతారా? తలకీ చెవులకీ ఈ తువ్వాలు చుట్టుకునేది ఎండకే. ఒకప్పుడు నా మెడ మాడిన మూకుడులా ఉండేది. కలబంద గుజ్జు తీసి, బంతిపూల రసం పిండి, తేనెమైనంలో కాచి ఓ పూత మందు చేశాను. మూడు రోజులు రాశానంతే, నున్నగా తేలింది. మా ఆవిడ తడిమి చూసి, ఇది మీ మెడేనా అని అడిగింది.

— మెడ వరకూ నమ్ముతాంలే.

నువ్వు నమ్మకపోయినా పర్లేదు గానీ టీ పొయ్యి, బాబాయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మేస్త్రి వచ్చాడు. మొహమంతా మచ్చలు, ముడతలు. డబ్బా ఇచ్చి వేలికొసంత రాయవయ్యా అంటే, అత్యాశకొద్దీ డబ్బా అంతా పట్టించేశాడు. సాయంత్రం ఇంటికెళ్ళి తలుపు కొడితే, వాళ్ళావిడ సందులోంచి చూసి, ఆయన ఇంకా పనినుంచి రాలేదు, తర్వాత రా నాయనా అని గడియ పెట్టేసుకుంది.

నవ్వండి, నవ్వండి. మా పక్క వాటా తమ్ముడొక్కడే నవ్వడం లేదు, చూశారా? తారు రోడ్డు పని పాపం. ముక్కు మీద పుండు ఆర్నెల్లుగా మానక ఆ పట్టీ వేసుకు తిరుగుతున్నాడు. నీకోసమే చెబుతున్నా తమ్ముడూ, కాస్త నవ్వు.

అసలుది ఇంకా ఉంది. చేతికంటిన మందు నా పాత తోలు సంచీకి తుడిచాను, అదే, సుత్తీ మేకులూ వేసుకునేది. ఎండకి బీటలు వారిపోయిన తోలది. తెల్లారేసరికి బీటలు పూడాయి, రెండో రోజు బొచ్చు మొలిచింది, మూడో రోజు అంబా అంది. సుత్తితో సహా వీధి దాటి గడ్డి మేయడానికి పోతుంటే వెనకాల పరిగెత్తి పట్టుకొచ్చి గుంజకి కట్టాను.

— కోతలకైనా ఓ హద్దుండాలయ్యా.

హద్దా? ఇది విను బాబాయ్. ఓ మధ్యాహ్నం కప్పు మీదుంటే, ఏమిటీ, నిచ్చెన ఊగుతోందని చూశాను. సూర్యుడు! మెట్టు మెట్టే ఎక్కి వస్తున్నాడు. రేకులాయనా, పుట్టినప్పట్నుంచీ నా ఒళ్ళు నాకే మండుతోంది, కాస్త రాసి పుణ్యం కట్టుకో అన్నాడు. రెండు బకెట్ల మందు పట్టింది. ఆ ఏడు చలి రెండు నెలలు ఎక్కువెందుకుందనుకున్నారు మరి?

— అన్నా, ఆ మందు ఇంకా ఉందా?

ఏమిటి తమ్ముడూ?

— సూర్యుడి మాట నేనూ నమ్మను. నీ మెడ మాట నమ్ముతున్నా. రేపు ఈ పుండు కోసి తీసేస్తామన్నారు, ముక్కు ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు. నువ్వో డబ్బా ఇస్తే ఆస్పత్రికి వెళ్ళడం మానేస్తాను.

బాబాయ్, ఆ రేడియో కాస్త కట్టెయ్.

లేదు తమ్ముడూ. మందు చేశాను, అంతవరకే నిజం. ఈ తువ్వాలు ఎండకని చెప్పానుగా మీ అందరికీ? ఇదిగో, తీస్తున్నాను. దగ్గరికొచ్చి చూడు. ఎడమ చెవి ఏదీ? మీ ఊరు రాకముందు సంగతి. మొదట శనగగింజంత పొలుసు లేచింది. అప్పుడే వెళ్ళుంటే ఆ గింజంతే కోసేవాళ్ళట. నేను రెండేళ్ళు మందు రాసుకుంటూ కూర్చున్నాను. రాస్తే చల్లగా ఉండేది. చల్లగా ఉంటే తగ్గుతోందనుకున్నాను. మీ వదిన ఆస్పత్రికి వెళ్దామని ఏడిస్తే కసిరాను.

— నాకు భయంగా ఉందన్నా.

ఉంటుంది. నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇక్కడ కూర్చుని ఇలా వాగుతుంటాను. రేపు ఎనిమిదింటికి నీ తలుపు కొడతాను, ఇద్దరం కలిసి వెళ్దాం.

— మరి ఆ సంచీ?

మంచం కింద ఉంది బాబాయ్. నా ఆస్పత్రి కాగితాలన్నీ అందులోనే. రేపు అదే తెస్తాను తమ్ముడూ, నీవి కూడా అందులో పెట్టుకుందాం.