అరవై అక్షరాలు

మధ్యాహ్నం మూడు దాటింది. బోర్డులు రాసే కొట్టులో అక్క చేతిలో కుంచె ఉంది, చెల్లెలి ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది.

"కుంచె కింద పెట్టి ఇటు రా అక్కా, ఒక్క నిమిషం."

"రంగు ఆరిపోతుంది. అక్కణ్ణుంచే చెప్పు."

"చెప్పేది కాదు, చూసేది. జనం నెట్‌లో పెట్టుకునే ఫోటోలతో ఎన్ని ఆటలు తయారుచేశారో. ఇదిగో, ఇక్కడ ఏ రంగు మీద నొక్కితే ఆ రంగు ఫోటోలన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇదేమో నీ ఫోటోని ముక్కలు చేసి మళ్ళీ నిన్నే అతికించుకోమంటుంది."

"పొద్దుట్నుంచీ ఇదేనా పని? కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది."

"అసలుది చూడు. ఒక మాట కొడితే చాలు. ఒక్కో అక్షరానికీ ఎవరో ఎక్కడో తీసిన ఫోటో వెతికి పక్కపక్కన పేరుస్తుంది. ఒకటి బస్సు మీదది, ఒకటి గోడ మీదది. 'అక్క' అని కొడుతున్నా, చూడు."

"బాగానే ఉంది. ఆగు. ఆ రెండో అక్షరం ఎక్కడిది?"

"ఏదో బోర్డుది."

"ఏదో బోర్డుది కాదు. మలుపులో మొక్కలమ్మే అతని బోర్డుది. అది నేను రాసింది."

"కనిపెట్టేశావు. నేనే పెట్టా. నువ్వు రాసిన బోర్డులన్నీ తిరిగి, అక్షరం అక్షరం విడిగా తీసి పెట్టా. అరవై వచ్చాయి."

"ఎవర్నడిగి?"

"ఊరందరికీ బోర్డులు రాస్తావు, నీ కొట్టుకి మాత్రం బోర్డుండదు. పనెలా వస్తుంది మరి? నీ మొహం పెట్టలేదు, పేరు పెట్టలేదు, ఊరు పెట్టలేదు. ఉత్తి అక్షరాలు. అక్షరానికి మొహం ఉంటుందా?"

"ఆయనకి కనిపిస్తుంది."

"బావకా?"

"ఆ తలకట్టు చివర కొడవలిలా వంచడం నాకెవరు నేర్పారనుకున్నావు? చెయ్యి పట్టుకుని రాయించాడు. వంద బోర్డులు వరసగా పెట్టినా నా చెయ్యి ఏదో చెప్పేస్తాడు."

"నెట్‌లో కోట్ల ఫోటోలుంటాయి అక్కా. ఇవి సముద్రంలో కాకిరెట్టంత. బావని వదిలొచ్చి రెండేళ్ళయింది, ఇంకా తాడుని చూసి పామంటావు."

"పిల్ల ఒక్కసారి నా చేతికి చిక్కనీ, జన్మలో మళ్ళీ నీ కంటపడదు అన్నాడు. నువ్వు వినలేదు, నేను విన్నాను. నెమ్మదిగా అన్నాడు. అరిచి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు."

"సరే, తీసేస్తాలే."

"ఎవరైనా చూశారా వీటిని?"

"ఒకరో ఇద్దరో."

"ఒకరా, ఇద్దరా?"

"ఒకరు. అన్నీ నచ్చాయని గుర్తు పెట్టాడు. అరవైకి అరవై. మంచి పార్టీ అక్కా."

"పార్టీ ఏంటి?"

"నిన్ననే చెబుదామనుకున్నా. పని ఖాయమయ్యాక చెబితే సంతోషిస్తావని ఊరుకున్నా. మన అక్షరాలు రెండు తీసుకుని పోస్టరు కూడా చేసి పెట్టాడు, ఎంత ముచ్చటగా ఉందో. ఏదో పేరు కాబోలు. బుంగి."

"ఏమన్నావు?"

"బుంగి. అక్కా, డబ్బా. రంగంతా ఒలికిపోతోంది."

"పోనీ."

"ఏంటలా అయిపోయావు? బుంగి అంటే ఏంటి?"

"పాప. ఏడవబోయే ముందు మూతి ముడిచేదని ఆయన పెట్టుకున్న పేరు. ఆయనొక్కడే అలా పిలిచేవాడు. ఇక్కడికొచ్చాక నేను ఆ మాట నోట రానివ్వలేదు. పాపే ఒకసారి నిద్రలో అంటే తట్టి లేపాను."

"నాకు తెలీదక్కా."

"నీకు తెలీకూడదనే చెప్పలేదు. ఏం రాశాడు నీకు? చదువు."

"అక్కా, నేనసలు..."

"చదువు."

"'ఈ చెయ్యి ఎంతో బాగుంది. మాదొక బడి. గేటుకి ఇలాంటి బోర్డే కావాలి. ఇదే చేత్తో రాసిన బడి బోర్డేదైనా ఉంటే కళ్ళారా చూసి ఖాయం చేసుకుంటాం.'"

"నువ్వేమన్నావు?"

"ఇంటి అడ్రసు ఇవ్వలేదు. కొట్టు అడ్రసూ ఇవ్వలేదు, ఒట్టు. ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరేం ఇచ్చావు?"

"తిట్టనంటే చెబుతా."

"చెప్పు."

"బడి బోర్డని అడిగాడు కదా. నువ్వు రాసిన బడి బోర్డు ఒక్కటేగా. పాప వాళ్ళ గేటు మీదది. ఊరూ వీధీ చెప్పా. దారిన పోయేవాళ్ళందరూ చూసే బోర్డే కదా, అందులో దాచాల్సిందేముందనుకున్నా."

"పిలిచి పీట వేశావు."

"బావ అని ఎలా అనుకుంటానక్కా? ఎంత మర్యాదగా రాశాడో. 'మీరు' అన్నాడు, ప్రతి మాటకీ 'అండి' అన్నాడు."

"నన్నూ అలాగే అనేవాడు, నలుగురిలో ఉన్నప్పుడు. ఎప్పుడొస్తానన్నాడు?"

"ఇవాళే. పిల్లలు బయటికి రాకముందే వస్తానన్నాడు. సందడి లేనప్పుడైతే నింపాదిగా చూడొచ్చని."

"టైమెంత?"

"మూడుంబావు. బడి వదిలేది నాలుగింటికి కదా, ఇంకా టైముంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్తా. చెప్పు ఎక్కడ, ఒక చెప్పు కనబడట్లేదు..."

"ముందు బడిలో ఆయమ్మకి ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు, నా చేతులనిండా రంగు."

"చేస్తున్నా. మోగుతోంది. ఎత్తట్లేదక్కా. ఆ, ఎత్తింది."

"ఆయమ్మా, నేను. బోర్డులు రాసే అమ్మాయిని. పాప లోపలే ఉందా?"

"నువ్వా తల్లీ. ఇప్పుడే అనుకుంటున్నా, నీకు నూరేళ్ళు. ఎంత గుట్టుగా ఉంటావమ్మా, ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా..."

"పాప ఉందా ఆయమ్మా?"

"చెబుతున్నాగా, కంగారెందుకు. నీ మనిషి వచ్చాడు. నేను ముందు ఒప్పుకోలేదు సుమా. నీకూ పిన్నికీ తప్ప ఎవరికీ పాపని ఇవ్వొద్దని నువ్వు చిలక్కి చెప్పినట్టు చెప్పావాయె, ఊరికే ఎలా ఇస్తాను? అప్పుడతను గేటు మీది బోర్డు చూపించి, ఈ రాత ఆవిడకి నేర్పింది నేనే అన్నాడు. మాటలకేముంది నాయనా, ఎవరైనా అంటారు అన్నాను. అతను నవ్వి, సుద్దముక్క అడిగి, గోడ మీద ఏదో పేరు రాశాడు. బుంగి అని. పాప అది చూసి పరిగెత్తుకుంటూ వచ్చేసింది. నేను మటుకు పాపని చూసి ఇవ్వలేదు తల్లీ, ఆ అక్షరాలు చూసి ఇచ్చాను. అచ్చం నీ చెయ్యే, వెంట్రుకవాసి తేడా లేదు."