డయల్ తిప్పని అద్దం మేస్త్రి

ఆగు! వెల్డింగ్ గన్ దించు ముందు. ఆ మిషన్ మీద అంకె చూశావా అసలు? బల్ల మీద పరిచిన రేకుకు పెట్టిన ఇరవై ఎనిమిది వోల్టులు అలాగే ఉంచి, నిలబెట్టిన రేకు మీదికి పోతావా? సిగ్గుండాలి. ఏమిటీ, "ఏం కాదు తాతా"నా? సరిగ్గా ఈ మాటే అనేవాడు అద్దం మేస్త్రి. కూర్చో, చెప్తాను. ఆ నీళ్ళ సీసా ఇలా ఇవ్వు.

అసలు పేరు అది కాదులే. అతుకు వేస్తే అందులో ముఖం కనపడాలి అనేవాడు, అందుకని. అంత పనిగట్టుకుని చూసుకోవాల్సిన ముఖమూ కాదు, అది వేరే సంగతి. పరిచిన రేకు మీద ఆయన చెయ్యి చెయ్యే, కాదనను. గొప్పంతా ఏమిటంటే, మిషన్ మీద వోల్టుల డయల్ తిప్పడు. "తిప్పేవాడు ఇంకా నేర్చుకుంటున్నవాడు, తిప్పనివాడు నేర్చినవాడు" అని మీసం దువ్వేవాడు. మరి నిలువు అతుకు వస్తేనో? అంత వేడికి కరిగిన ఇనుము నిలుస్తుందా, పొట్ట జారి కారిపోతుంది. వోల్టులు దించి, గన్‌లోంచి వచ్చి కరిగే వైరు వేగం దించి, కింది నుంచి పైకి ఎక్కాలి. డయల్ దించితే పరువు దిగుతుందని ఈ మహానుభావుడు పై నుంచి కిందికి జర్రున లాగేసేవాడు. చూడ్డానికి వెన్న. లోపల కరిగిన మడ్డి, అదే చిట్టెం, జారి అడ్డం పడి, ఇనుము ఇనుమును కరిస్తే కదా! గోడకు అంటించిన కాగితమే.

మేస్త్రి ఇల్లాలి తమ్ముడిదీ అదే షెడ్డులో పని. నోట్లో నాలుక లేనివాడు. అదే మిషన్, లోపల పొడి నింపిన అదే వైరు. వాడు మాత్రం ఇరవై నాలుగుకు దించి, చెవి ఒగ్గి చప్పుడు వినేవాడు. వేపుడు వేగినట్టు సన్నగా చిటపటలాడాక ఎక్కడం మొదలుపెట్టేవాడు. ఈ అంచున ఒక్క క్షణం ఆగి, ఆ అంచున ఒక్క క్షణం ఆగి. అతుకు గొంగళిపురుగులా ఉండేదనుకో. "ఏరా బావమరిదీ, రేకుకు గజ్జి పట్టిందేం?" అని ఈయన. "పట్టు ఉంటే చాలు బావా" అని వాడు. నవ్వకు, నీ అతుకు ఆ రెండింట్లో ఏదీ కాదు.

ఇంతలో పెద్ద నీళ్ళ ట్యాంకు పని వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టాడు. ఇద్దరూ చెరో నిలువు ముక్క అతికి, అంచున ఎవరి నంబరు వాళ్ళు కొట్టాలి. వంచితే ఎవరి ముక్క పగిలితే వాడు ఇంటికే. మేస్త్రికి తన వెన్న సంగతి తెలియదూ? "అలిసిపోయావు, పోయి టీ తాగిరా. నీ నంబరూ నేనే కొడతాలే" అన్నాడు. ఎంత ప్రేమో! బావ కదా అని వాడు వెళ్ళాడు. ఈయన నంబర్లు తారుమారు చేసి కొట్టాడు. వంచేసరికి బావమరిది నంబరున్న ముక్క కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. కుర్రాడు రెండు ముక్కలూ చూశాడు, బావనూ చూశాడు. అక్క గుర్తొచ్చిందేమో, నోరెత్తకుండా సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో పసిపిల్ల, వేరే పని లేదు.

"మేస్త్రీ, గట్టి ముక్క. అచ్చం ఇలాగే ట్యాంకు మీద నా కళ్ళ ముందు వెయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నాలుగంకెలు, నాలుగే అంకెలు దించితే బతికిపోయేవాడు! షెడ్డంతా చూస్తుంటే ఎలా దించుతాడు? ఇరవై ఎనిమిదితోనే కింది నుంచి ఎక్కాడు. జానెడు ఎక్కాడో లేదో ఇనుము పొట్ట జారి, ముద్దగా ఊడి నేరుగా బూటులో పడింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నంబర్లు మారాయని ఇన్‌స్పెక్టరుకు అర్థమైపోయింది. సాయంత్రానికల్లా బావమరిదిని పిలిపించి పని అప్పజెప్పాడు.

రెండు కాలివేళ్ళు తీసేశారు. అబ్బే, ఆయనకు పడ్డ శిక్ష అది కాదయ్యా. తమ్ముడికి చేసింది తెలిశాక కూడా ఇల్లాలు వేళకు వడ్డించింది, కట్టు మార్చింది, బట్టలు ఉతికింది. మాట్లాడలేదు. "పోనీలే అక్కా" అని తమ్ముడే వచ్చి బతిమాలినా సరే. పదకొండేళ్ళు. పొగడ్త లేనిదే పూట గడవని మనిషి, "ఉప్పు చాలిందా" అన్న మాటకైనా నోచుకోకుండానే పోయాడు.