ఆరని ఆరు మెత్తలు

దాల్మేషియా తీరంలో ఒక చిన్న ద్వీపం. దక్షిణం నుంచి ‘యుగో’ అనే తడిగాలి వీయనారంభించి అది మూడో రోజు. అతిథులకు గదులు అద్దెకిచ్చే లుక్రే ఇంటి మేడమీద ఆమెకూ, ఓడ ఉద్యోగం చాలించి ఇల్లు చేరిన ఆమె భర్త ఫ్రానేకూ నడుమ, ఆరు కుర్చీ మెత్తల భవితవ్యాన్ని గురించిన మహాసభ అప్పటికే సగం నడిచింది.

“అది కాదు నేనడిగింది. ఉతికావా లేదా అని నేనడగలేదు ఫ్రానే. దేనితో ఉతికావని అడిగాను.”

“నీళ్లతో.”

“ఏ నీళ్లతో?”

“నీళ్లంటే నీళ్లే లుక్రే. నీళ్లకి కులగోత్రాలుంటాయా?”

“ఉంటాయి. వాననీళ్ల తొట్టి తాళంచెవి నా మెళ్లో ఉంది. మంగళవారం నుంచీ మెళ్లోనే ఉంది. మరి ఆరు మెత్తలూ ఏ నీళ్లతో ఉతికినట్టు?”

“దేవుడిచ్చిన నీళ్లతో.”

“అంటే?”

“అంటే... కొరత లేని నీళ్లతో.”

“సముద్రంలోనా!”

“మెల్లిగా అనవే, సందంతా వింటుంది.”

“విననీ! సముద్రంలో ముంచావా నా మెత్తల్ని? నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? మొదట పొడి బ్రష్షుతో పైన్‌చెట్ల పుప్పొడి దులపమన్నానా?”

“అన్నావు.”

“గలీబుల జిప్పులు తీసి విడిగా నానబెట్టమన్నానా?”

“అన్నావు.”

“గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు తురుము, చెంచాడు వెనిగరు వెయ్యమన్నాను. లోపలి స్పాంజిని మెలిపెట్టకుండా అరచేత్తో నొక్కమన్నాను. అంచుమీద నిలబెట్టి, జిప్పు కిందికి పెట్టి, గాలి తగిలే నీడలో ఆరబెట్టమన్నాను. అన్నానా, లేదా?”

“అన్నీ అన్నావు. అన్నీ ఒకేసారి అన్నావు. అందుకే ఒక్కటీ నిలవలేదు.”

“సరే, అసలేం చేశావో చెప్పు.”

“తాడు కట్టాను.”

“దేనికి?”

“మెత్తలకి. ఆరింటికీ, వరసగా. తాడు కొస పడవ వెనక కట్టుకుని లైట్‌హౌసు దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చూసి తీరాల్సిన దృశ్యం లుక్రే! ముందు నేను, వెనక నీలిచారల మెత్తలు ఆరు, బారులు తీరి... ఆ కాలపు వెనిస్ నౌకాదళం కూడా అంత క్రమశిక్షణతో నడిచి ఉండదు. రేవులో జనమంతా లేచి నిలబడ్డారు.”

“నవ్వు ఆపుకోలేక లేచుంటారు.”

“గౌరవంతో లేచారు. మన సందువాళ్లయితే తాడెంత పొడవుండాలని కూడా అడిగారు. మరకలు పోయాయా లేదా, అది చెప్పు ముందు. అంజూరపు మరక పోయింది. ఆలివు నూనె మరక పోయింది. ఆ జర్మను పెద్దాయన ఎండకి ఒళ్లంతా పూసుకుంటాడే, ఆ జిడ్డు కూడా పోయింది. నాలుగో మెత్తమీద సముద్రపు కాకి వేసిన రాజముద్ర సైతం పోయింది.”

“మరకలు పోయాయి. తడి పోయిందా?”

“పోతుంది.”

“ఉప్పుతడి పోతుందటయ్యా! ఉప్పు గాల్లోంచి నీళ్లు తాగుతుంది. యుగో వీచేటప్పుడు ఉప్పుడబ్బా మూత తీసిపెడితే ఏమవుతుందో పసిపిల్లకి కూడా తెలుసు. ముప్ఫయ్యేళ్లు ఓడమీద ఏం చేశావసలు?”

“భోజనాలు వడ్డించాను. మా ఓడలో ఉప్పెప్పుడూ పొడిగానే ఉండేది.”

“ఇదుగో, పైన ముట్టుకో. పొడిగా ఉందా?”

“ఉంది! చూశావా, నేను చెప్పలా?”

“ఇప్పుడు నొక్కు.”

“...కొంచెం ఊరుతోంది.”

“కొంచెమా? ఊటబావిలా ఉంటేనూ! ఇంకో గంటలో తనిఖీ ఆయన వస్తాడు. తొమ్మిదేళ్ల నుంచి ‘రెండు నక్షత్రాల ఇల్లు’ అనిపించుకుంటున్నాను. మూడో నక్షత్రం వస్తుంది కదాని ఆ పలక తగిలించడానికి వీధిగోడకి మేకు కూడా కొట్టించాను. తనిఖీ నిబంధనల్లో పద్దెనిమిదో అంశం ఏమంటుందో తెలుసా నీకు? ‘ఆరుబయటి ఆసనముల మెత్తలు శుభ్రముగాను, మరకలు లేకయు, పొడిగాను ఉండవలెను. అధికారి స్వయముగా మూడు నిమిషములు కూర్చుండి నిర్ధారించవలెను.’ స్వయముగా ఫ్రానే! తన సొంత పిర్రలతో!”

“ఎవరిళ్లనించైనా అరువు తెద్దామా?”

“ఇవాళ సందంతా తనిఖీయే. ఎవరి మెత్తలు వాళ్లకే కావాలి.”

“పోనీ గలీబుకీ స్పాంజికీ మధ్య రబ్బరు గుడ్డ వేస్తే?”

“వేసి చూశాను. కూర్చుంటే పిల్లి పీక నొక్కినట్టు చప్పుడొస్తోంది.”

“ఇందాక రొట్టెల పొయ్యిలో పెట్టాం కదా, ఆ సంగతేమైంది?”

“ఒకదాని మూల మాడింది. మిగతా అయిదూ వేడెక్కాయి. అప్పటిదాకా చల్లటి తడి, ఇప్పుడు వేడి తడి. అదీ మనం సాధించిన ప్రగతి.”

“దిగులు పడకు. ఆయన కూర్చుంటేనే కదా తడి తెలిసేది? కూర్చోనివ్వను. ఆ భారం నాకొదిలెయ్.”

“మెత్తల భారం నీకొదిలితేనే ఇక్కడిదాకా వచ్చింది.”

“చరిత్ర మన పక్షాన ఉంది లుక్రే.”

“చరిత్ర కాదు, వీధి తలుపు తడుతున్నారు. వెళ్లి తియ్యి!”

*

“నమస్కారమమ్మా. నా పేరు వెండెలిన్. జిల్లా కార్యాలయం నుంచి, గదుల వర్గీకరణ పనిమీద వచ్చాను.”

“రండి, రండి వెండెలిన్ గారూ! నేను లుక్రేనండి. తలుపు తీసినాయన మావారు ఫ్రానే. పదకొండుకన్నారు, అప్పుడే వచ్చేశారే?”

“పని కాస్త ముందుగా తెమిలిందమ్మా.”

“అయ్యా, తమరి మాట తీరు మావైపుది కాదే?”

“స్లావోనియా అండీ. చుట్టూ గోధుమ చేలు తప్ప ఇంకేం కనబడవు. బదిలీమీద వచ్చి పన్నెండు రోజులైంది. సముద్రాన్ని చూడ్డం కూడా ఇదే మొదలు ఫ్రానే గారూ.”

“అలాగా! లుక్రే, విన్నావా? సముద్రం గురించి వారికేమీ తెలీదట.”

“నువ్వూరుకో. ముందు గదులు చూడండి వెండెలిన్ గారూ. ఇదుగో ఇటు.”

“...పక్కబట్టలు మల్లెపూవుల్లా ఉన్నాయమ్మా. స్నానాలగది అద్దంలా ఉంది. రాసుకున్నాను. ఇక మిగిలింది ఈ మేడ. పద్దెనిమిదో అంశం. కూర్చోవాలి.”

“కూర్చోకండి!”

“ఏమండీ ఫ్రానే గారూ, ఎందుకని?”

“యుగో వీస్తోందండీ. యుగో వీచే రోజుల్లో మావాళ్లు ఏ తీర్పూ చెప్పరు. వెనకటికి దుబ్రోవ్నిక్ సొంత గణరాజ్యంగా వెలిగిన రోజుల్లో సభవారు చట్టాలు చెయ్యడం ఆపేసి ఇళ్లకి పోయేవారట. తల బరువు, మనసు చికాకు, ధర్మం తప్పుతుందని భయం. అంతెందుకు, ఇవాళ మా ఫాదరు గారు బాప్తిస్మం కూడా వాయిదా వేశారు. తమరు ఉత్తరపు పొడిగాలి తిరిగాక, తీరిగ్గా, వచ్చేవారం...”

“మా పై అధికారి ముందే చెప్పారండీ. ‘యుగో గురించి చెబుతారు. శ్రద్ధగా విను, తలూపు, తరవాత కూర్చో’ అని.”

“అదొక్కటే కాదండీ. మా దీవిలో గౌరవనీయులు కూర్చోరు. మనిషి ఎంత గొప్పవాడైతే అంతసేపు నిలబెడతాం. బిషప్పు గారు వేంచేసినప్పుడు నాలుగు గంటలు నిలబెట్టాం.”

“పాపం!”

“ఆయనా సరిగ్గా ఆ మాటే అన్నారు.”

“ఫ్రానే, నోరు మూసుకుంటావా? వెండెలిన్ గారూ, ముందు ఓ చుక్క అంజూరపు బ్రాందీ పుచ్చుకోండి. లోపల, వంటింట్లో. చెక్క కుర్చీ. మెత్త ఉండదు.”

“పనిలో ఉండగా తాగనమ్మా. పైగా డాక్టరు కూడా వద్దన్నాడు. నా కాళ్లకి ఓపిక లేదు, కూర్చుంటున్నాను. ఇదుగో.”

“అయ్యో!”

“ఆహా.”

“ఏమిటండీ ‘ఆహా’?”

“వెచ్చగా ఉందమ్మా. ఎంత హాయిగా ఉందో.”

“అది... మా దీవి రాళ్లలో ఉన్న వేడండీ. కిందనుంచి పైకి ఎక్కుతుంది.”

“ఫ్రానే!”

“ఒక నిమిషం అయింది.”

“చాలండి, లేవండి వెండెలిన్ గారూ. మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది, నిర్ధారణ అయిపోయింది.”

“మూడు నిమిషాలమ్మా. రూలు రూలే. రెండు... రెండు...”

“రెండు అయ్యాయా?”

“ఉండండమ్మా, లెక్క తప్పాను.”

“వెండెలిన్ గారూ? మూడు కూడా అయ్యాయండీ.”

“అయ్యాయి.”

“అయిదయ్యాయి.”

“ఇంకాసేపు కూర్చుంటాను.”

“ఎందుకండీ?”

“దృశ్యం బావుంది.”

“తమరు గోడవైపు తిరిగున్నారండీ.”

“మంచి గోడ ఫ్రానే గారూ. ఇలాంటి గోడ మావైపు కట్టరు. అమ్మగారూ, ఇందాక బ్రాందీ అన్నారు. ఒక్క చుక్క... లోపలికెళ్లి తెస్తారా? తొందరేం లేదు. మెల్లిగా తెండి. ఎంత మెల్లిగా తెస్తే అంత మంచిది.”

“తెస్తానండీ.”

“వెళ్లారా? ఫ్రానే గారూ, ఇలా దగ్గరకి రండి. ఇంకా దగ్గరకి. సాటి మగవాడిగా మీకు చెబుతున్నాను. నేను మీ మెత్త పాడుచేశాను.”

“తమరా?”

“డాక్టరు ముందే హెచ్చరించాడు. ఈ వయసులో ఒక్కోసారి మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుందిట. నాకేమీ తెలీలేదు సుమండీ! వెచ్చగా అనిపించింది, అంతే.”

“వెచ్చగా.”

“తరవాత తడిగా.”

“తడిగా.”

“అమ్మగారికి మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. మూడో నక్షత్రం ఇప్పుడే రాసేస్తాను. ఇదుగో, పద్దెనిమిదో అంశం, ‘అత్యుత్తమం.’”

“అయ్యా, అక్కడ ‘పొడిగా’ అన్నచోట ఖాళీ ఉందే...”

“‘ఎండుచేపవలె పొడిగా ఉన్నవి.’ చాలా?”

“చాలా అందంగా ఉందండీ. సంతకం కూడా అక్కడే, ఆ కింద.”

“ఫ్రానే! ఇలా తలుపు దగ్గరికి ఓసారి రా. ఏమిటా పళ్లికిలింపు? బ్రాందీ పట్టుకుని ఇక్కడే నిలబడ్డాను.”

“గుసగుసగా మాట్లాడు. లుక్రే, నక్షత్రం వచ్చేసింది. నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలు.”

“ఎలా వచ్చింది?”

“తనే తడిపాననుకుంటున్నాడు.”

“ఏం తడిపాడు?”

“మెత్త.”

“దేనితో తడు... ఓరి దేవుడా! ఫ్రానే! ఉప్పునీళ్లని నువ్వు చెప్పలేదా?”

“చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడే ఆయన సంతకం పెడుతున్నాడు. సంతకం పెట్టేవాణ్ణి పలకరించడం మర్యాద కాదని ఊరుకున్నాను.”

“సిగ్గులేదూ?”

“తొమ్మిదేళ్లు లుక్రే. వీధిగోడకి మేకు. ఎండల కాలమంతా మూడు నక్షత్రాల పలక కింద నువ్వు తలుపు తీస్తూ నిలబడ్డం... ఒక్కసారి ఊహించుకో.”

“ఊహించుకోక్కర్లేదు. తొమ్మిదేళ్లుగా అదే చూస్తున్నాను కలలో. పక్కకి తప్పుకో.”

“ఏం చెప్పబోతున్నావు?”

“తెలీదు. తప్పుకోమన్నానా! వెండెలిన్ గారూ, ఇదుగోండి బ్రాందీ.”

“అక్కడ పిట్టగోడమీద పెట్టండమ్మా. నేను లేవను.”

“ఎప్పటిదాకా లేవరు?”

“సందులో జనం పలచబడేదాకా. ఆ తరవాత గోడ వారగా రేవుకి పోతాను. రేపు రాజీనామా పంపిస్తాను.”

“అదేమిటండీ! అంత మాటెందుకు?”

“ఇంటింటికీ తిరిగి మెత్తలమీద కూర్చునే ఉద్యోగమమ్మా నాది. నడుం కింద నమ్మకం పోయాక ఇంకేం ఉద్యోగం? ఇరవయ్యారేళ్ల సర్వీసు. ఒక్క మచ్చ లేదు. మా ఆవిడ ఊళ్లో అందరికీ చెప్పుకుంది, ‘మా ఆయన సముద్రం ఒడ్డున పెద్ద అధికారి’ అని. ఇప్పుడు దానికేం చెప్పాలో, ఏ మొహంతో చెప్పాలో...”

“ఫ్రానే, ఆ పక్క కుర్చీ ఇటు లాగు.”

“లుక్రే, వద్దు.”

“లాగమన్నానా!”

“లుక్రే, ఆలోచించు. కాగితం ఆయన చేతిలోనే ఉంది. మేకు...”

“ఆ మేకుకి నీ టోపీ తగిలించుకో. ఇదుగో వెండెలిన్ గారూ, నేనూ కూర్చున్నాను. నా బరువంతా మోపి మరీ కూర్చున్నాను. ఒకటి. రెండు. మూడు. ఇప్పుడు లేస్తున్నాను. మొహమాట పడకండి, నా గౌను వెనక చూడండి.”

“అమ్మగారూ! మీకు కూడానా? అయ్యో తల్లీ, ఎన్నాళ్లుగా?”

“నాకు కూడా కాదండీ! మీకూ కాదు, నాకూ కాదు. సముద్రం! ఈ మహానుభావుడు ఆరు మెత్తల్నీ పడవకి కట్టి లైట్‌హౌసు దాకా ఈడ్చుకెళ్లాడు. ఉప్పుతడి యుగోలో ఆరదు. రొట్టెల పొయ్యిలో పెట్టాం, వేడెక్కి ఊరుకుంది. మీరు ఏ పాపమూ ఎరగరు. నమ్మకం లేకపోతే వేలు అద్ది నాలిక్కి రాసుకు చూడండి, ఉప్పగా ఉంటుంది.”

“వద్దులెండమ్మా, మాటమీద నమ్ముతాను. అయితే... నేను కాదా?”

“మీరు కాదు.”

“నిజంగా?”

“నిజంగానండీ. ఆ మూడో నక్షత్రం మీ చేత్తోనే కొట్టేసి, ధైర్యంగా లేచి నిలబడండి. రాజీనామా మాట ఎత్తకండి. ఇంత తడిలో కూర్చుంటే ఎవరి ధైర్యమైనా జారిపోతుంది.”

“ఉండండమ్మా, నన్ను ఓసారి ఆలోచించుకోనివ్వండి. పొద్దుటినుంచి ఈ సందులో మీది అయిదో ఇల్లు. నాలుగిళ్లలోనూ ఇలాగే అయింది, వెచ్చగానే అయింది. నాలుగిళ్లవాళ్లూ ‘ఎవరికీ చెప్పంలెండి’ అని సిలువమీద ఒట్టేసి, నా చేతికి తలో పొడి ప్యాంటూ ఇచ్చి, మూడో నక్షత్రం పుచ్చుకుని పంపించారే!”