పొద్దు గూకాక చెప్పిన క్షమాపణ

“తమ్ముడూ! తలుపు తియ్యరా! పొద్దు గూకిపోతోందిరా!” అని వీధి చివర్నుంచి ఒకటే కేక. మేమేమో ఖాళీ కంచాల ముందు ఆకలితో నకనకలాడిపోతున్నాం. ఎవరి కేకంటావేమిటే తల్లీ, మీ అమ్మమ్మకి మేనత్త, మా మామగారికి స్వయానా అక్క. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఇందాక బైబిల్లో నువ్వు చదివావే, సూర్యుడు అస్తమించేలోపే కోపం వదిలెయ్యాలని, ఆ వాక్యం చెవిన పడగానే మనిషి కళ్లముందు నిలబడిందనుకో! అబ్బో, ఆ వాక్యాన్ని ఆవిడ పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకోలేదు. బట్టలు కుట్టేది. మెళ్లో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులున్నంతసేపే వీధికి ప్రశాంతత. తీసిందా, ఇక చూస్కో! పాలవాడితో, ఇస్త్రీ అతనితో, ఆఖరికి పాస్టరుగారి భార్యతో కూడా, రోజుకి ఎవరితోనో ఒకరితో తగువు. కానీ చీకటిపడేలోపు వాళ్ల గుమ్మంలో దిగిపోయి, “నాదే తప్పమ్మా, క్షమించు, కాస్త త్వరగా క్షమించు, వెలుగు పోతోంది” అనేది. మబ్బు పట్టిన రోజైతే మధ్యాహ్నానికే అందరికీ క్షమాపణలు చెప్పేసి కూర్చునేది, ఎందుకైనా మంచిదని. నవ్వకు, నిజం!

ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ ఆదివారం. నేనప్పటికి కొత్త అల్లుణ్ణి. చర్చి అయ్యాక అత్తారింట్లో భోజనం. మా మామగారు వడ్రంగి కదా, పాస్టరుగారు బైబిలు పెట్టుకుని ప్రసంగం చేసే బల్ల, అదే, పుల్పిట్టు, తన చేత్తో కొత్తది చేసి చర్చికి ఇచ్చారు. ముందువైపు ద్రాక్షగుత్తులు చెక్కారు చూడూ, కోసుకు తినాలనిపించేది! పగలు కూలిపని, సాయంత్రాలు ఆ చెక్కడం. తిండీ తిప్పలూ మర్చిపోయి చేశారు. ఆవేళే దాని మీద మొదటి ప్రసంగం. బండ మీద కట్టిన ఇల్లు నిలిచింది, ఇసుక మీద కట్టింది కూలింది, ఆ సంగతి. పాస్టరుగారు ఊపులో అరచేత్తో ఒక్క చరుపు చరిచేసరికి బల్ల కాస్త ఊగింది. అంతే, ఆడవాళ్ల వరసలోంచి మా పెద్దమ్మ గొంతు ఖంగున, “మా తమ్ముడు దీన్ని కూడా ఇసుక మీదే కట్టాడండీ!” చర్చి చర్చంతా గొల్లుమంది. పాస్టరుగారూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వు రాదూ మరి! మామగారు మాత్రం లేచి బయటికి వెళ్లిపోయారు.

వెళ్లి వీధి చివరున్న తన పనిపాకలో గడియ పెట్టుకున్నారు. మా అత్తగారు బతిమాలబోతే లోపల్నుంచే, “అక్క చేతి ముద్ద ఇక ముట్టను. ఆ చర్చి గడపా తొక్కను” అన్నారట. అన్న మాట మీద నిలబడే మనిషి, అదీ భయం. అత్తగారు వచ్చి, “ఆయన వచ్చేదాకా ఈ ఇంట్లో వడ్డన లేదు” అని గిన్నెల మీద మూతలు పెట్టేసింది. కొత్త అల్లుణ్ణి, ఆకలని నోరు విప్పి ఎలా అడగను? మీ అమ్మమ్మ చాటుగా ఒక అరటిపండు తెచ్చి చేతిలో పెడితే, తొక్క ఎక్కడ దాచాలో తెలీక జేబులో కుక్కుకున్నాను. మరి పెద్దమ్మ? ఆవిడకేం తొందర! పొద్దు గూకడానికి బోలెడు టైముందిగా. “సాయంత్రం చెప్పుకుంటాలే, వాడూ కాస్త చల్లారతాడు” అని చాప వేసుకుని పడుకుంది. పడుకుని ఒళ్లు తెలీకుండా నిద్రపోయింది! లేచేసరికి గోడమీద ఎండ ఎర్రబడింది. ఇక చూడాలి ఆ పరుగు! చెప్పులు లేవు, కొంగు నేలమీద. ఆ కేక అప్పటిదే. నేనూ వెనకాలే పరుగెత్తాను.

“తప్పైపోయిందిరా, తలుపు తియ్, క్షమించానను చాలు!” అని తలుపు బాదుతోంది. లోపల్నుంచి మామగారు నెమ్మదిగా, “అక్కా, నాకోసం వచ్చావా, పొద్దు కోసం వచ్చావా?” అన్నారు.

అంతే. బాదుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. పడమటికి చూసింది. ఇళ్ల కప్పుల వెనక ఎర్రగా ఒక్క అంచు మిగిలింది, చూస్తూండగానే అదీ పోయింది. ఆవిడ గుమ్మం పక్కన చిత్రికపొట్టు కుప్ప మీద మెల్లగా కూర్చుంది. తలుపుకి తల ఆనించి, “పొద్దు పోయిందిరా. ఇక నన్ను తరిమే వాక్యం లేదు. ఇప్పుడు నీకోసమే కూర్చున్నా” అంది. “ఆ ద్రాక్షగుత్తుల్ని చూసి నాకు ఏడుపొచ్చిందిరా. నాన్న ఉంటే ఎంత మురిసేవాడో అనిపించింది. నలుగురిలో ఏడవడానికి సిగ్గేసి, నవ్వించాను. నిన్ను బలిపెట్టి నవ్వించాను. ఇన్నేళ్లూ గడప గడపకీ తిరిగి క్షమాపణలు చెప్పానే, ఒక్కదానికీ ఇంత నొప్పి పుట్టలేదు. అంటే అవన్నీ ఉత్తుత్తివేనేమోరా.” నేను పక్కకి తిరిగి నిలబడ్డాను తల్లీ, వినకూడదని. కానీ విన్నాను.

గడియ తీసిన చప్పుడైంది. మామగారు, జుట్టునిండా రంపంపొట్టు, కళ్లు ఎర్రగా. అక్కని చెయ్యిపట్టి లేపి, కొంగుకంటిన పొట్టు దులిపారు. అప్పుడు నన్ను చూసి, “అల్లుడుగారు భోంచేశారా?” అన్నారు. “లేదండీ” అన్నాను, ఇక దాచడం నావల్ల కాక. “అయ్యో! కొత్త అల్లుణ్ణి పస్తు పెట్టావటే?” అని ఆయన, “నేనా పెట్టింది? గడియ పెట్టుకుని కూచున్నది ఎవర్రా?” అని ఆవిడ! దారిపొడుగునా అదే తగువు, చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇంటికెళ్లేసరికి కూర గడ్డకట్టింది. అత్తగారు వెచ్చబెడతానంటే ఎవరూ ఆగలేదు. అందరం కూర్చున్నాం. ప్రార్థన మామగారు చెయ్యాలి. కళ్లు మూసుకుని, “ప్రభువా…” అని ఆగిపోయారు. పెద్దమ్మ ఓరగా చూసి, “ఆయనకి తెలిసిందిలేరా, ఆమేన్” అని, మొదటి ముద్ద కలిపి తమ్ముడి కంచంలో పెట్టింది. ఆయన తిన్నారు. మేమూ తిన్నాం.