వెర్డెల్ ఎర్రజెండా

పట్టుజెండాని పియానో వెనక కుక్కేస్తే ఎవరికీ కనబడదని నీకెవరు చెప్పారు జెరిలిన్? ఏడవకు, ఏడవకు. ఇలా కూర్చో. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం ఒలికింది, అంతేనా? మరక ఆరిపోకుండా గిన్నెలో చల్లనీళ్లు పోసి అందులో వేశాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలీదు, మీ ఒడెస్సా అత్తకి తెలుసు. చెప్పనంటావు. సరే. మా వెర్డెల్‌ని నువ్వు చూడలేదు కదూ? నా భార్య. పోయి ఇరవై రెండేళ్లు. ఈ సంఘానికి, పాటలప్పుడు ఎత్తి ఊపే ఆరాధన జెండాలు కుట్టింది ఆవిడే, మీ అత్తకి ఈ పని నేర్పిందీ ఆవిడే. మనిషి నా భుజం దాకా కూడా రాదు గానీ, ఎర్రది ఎత్తి తిప్పిందంటే పాస్టరు గారు కూడా ప్రసంగం ఆపేసేవారు. ఇక ఉతకడం అంటావా, అదో పెద్ద తతంగం. తెల్లగుడ్డ తడిపి అంచుకి అద్ది, రంగు దిగుతోందేమో చూసేది. పసిపిల్లల షాంపూ ఒక్క చుక్క. పిండకూడదు, తువ్వాల్లో చుట్టి నొక్కాలి. నీడలో ఆరెయ్యాలి. నేను సాయానికి వెళితే, “లూషియస్! చేపలు వేయించిన చేతులతోనా? అక్కడే ఆగు!” నా కోటుకి ఏనాడూ అంత సేవ జరగలేదులే. బట్టల కొట్టువాడు పారేసే అట్టగొట్టాలు తెచ్చి, జెండాలు వాటికి చుట్టి, పాత దిండుగలీబుల్లో దోపేది. మడత పెట్టావా, ఆ రోజు నీకు అన్నం లేదు. ప్లాస్టిక్ సంచి కనబడితే చాలు, “ఈ డెల్టా ఉక్కలో నిన్ను అందులో కట్టేస్తే బతుకుతావా?” అనేది.

ఒక ఏడాది ఆగస్టులో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. “ఈస్టరుకి ఎర్రది నేనే ఎత్తుతా” అని ఒకటే పట్టు. నేను డీకన్ని కదా, సంఘపెద్దని, విశ్వాసం పొంగింది. రోగికి నూనె రాసి ప్రార్థన చేస్తాం కదా, ఆ చెయ్యి ఏ జెండా కోసం లేవాలో ఆ జెండాకే రాస్తే? ఒక్కణ్ణే చర్చికొచ్చి, మోకాళ్లేసి, అభిషేక తైలం సీసా మొత్తం పోసేశాను. ఒక్క చుక్క చాలదా అంటే, ఆ పూట చాలదనిపించింది తల్లీ. కళ్లు తెరిచేసరికి ఎర్రపట్టు మీద నల్లగా ఇంత మరక. కొళాయి కింద పెట్టి రుద్దాను. పోలేదు. భయమేసి, తడి తడిగానే మడిచేసి, రొట్టెల సంచిలో మూటగట్టి, బాప్తిస్మం తొట్టి కింద అరలోకి తోసేశాను. అవునమ్మా, నేనే, డీకన్ టాలివర్ని. వెర్డెల్ అడిగితే గ్రీన్‌వుడ్ సంఘం వాళ్లు అరువుకి పట్టుకెళ్లారన్నాను. ఇంక రోజూ అదే గొడవ. “ఇంకా తేలేదా? చుట్టే ఇచ్చావా? మడత పెట్టరు కదా వాళ్లు?” చుట్టే ఇచ్చాను, చుట్టే ఇచ్చాను. మార్చిలో పోయింది. ముందురోజు, నోరు సరిగా తిరగడంలేదు, అయినా “నా పెట్టె మీద ఎర్రది కప్పండి” అంది.

అప్పుడు తీశాను సంచి. వాసన... సరేలే. బూజు పట్టి, విప్పుతుంటే మడత మడతకీ చీలిపోయింది. మీ అత్త నా పక్కనే ఉంది. అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. “నూనా డీకన్? ఉత్త నూనేనా? కార్న్‌ఫ్లోర్ చల్లి ఉంచితే పీల్చేసేదే. ఆవిడే కదా నాకు నేర్పింది!” తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పెట్టె మీద తెల్లది కప్పాం. బాగుందన్నారు అందరూ. ఆవిడకి ఎడమచెయ్యి ఆడుతూనే ఉంది అమ్మాయ్. నేను నిజం చెప్పి ఉంటే, మంచం మీద కూర్చునే చల్లి ఉండేది ఆ పిండి. నన్ను నాలుగు తిట్టి ఉండేది. ఏడు నెలలు, గోడకేసి చూస్తూ పడుకుంది మనిషి. చేతికి ఒక పని దొరికేది కదా...

నీళ్లలో పట్టు ఎక్కువసేపు నాననివ్వకూడదు. మీ అత్త వంటగదిలో చిక్కుడుగింజలు వలుస్తోంది. గిన్నె పట్టుకెళ్లు. కథలేం అల్లకు, “నేనే ఒలికించాను” అని చెప్పు. లే తల్లీ, ఇప్పుడే వెళ్లు.