రాణిగారి గుర్రం

అమెరికాలోని వయోమింగ్‌లో మా ఊరి రోడియో, అంటే గుర్రపు స్వారీ పోటీల పండగ, కాసేపట్లో మొదలవుతుందనగా, గుర్రాల కొట్టాల వెనక ఇద్దరమ్మాయిలు ఎదురుపడ్డారు. ఒకమ్మాయి ఈ ఏటి రోడియో రాణి; జెండా పట్టుకుని గుర్రం మీద అందరికంటే ముందు మైదానంలోకి రావలసింది ఆమే. రెండో అమ్మాయి మొన్న రాణిని ఎన్నుకునే పోటీలో ఆమె చేతిలో ఓడిపోయింది.

“నీ గుర్రం కుంటుతోందట కదా?”

“డెక్కలో రాయి గుచ్చుకుంది. నవ్విపోదామని వచ్చావా?”

“నవ్వడం అయిపోయిందిలే. నా పెప్పర్‌ని తెచ్చాను, ఎక్కు.”

“నీ గుర్రం నాకొద్దు. జెండా పట్టుకుని నడిచే వెళ్తాను.”

“రోడియో రాణి కాలినడకన వస్తే పక్క ఊళ్ళవాళ్ళు ఏడాదంతా చెప్పుకుని నవ్వుతారే. నీ పరువు పోతే నాకేం? పోయేది మన రోడియో పరువు.”

“మొన్న కిరీటం పెట్టినప్పుడు నా మొహం కూడా చూడలేదు నువ్వు.”

“చూస్తే ఏడుపొచ్చేది. అంతమంది ముందు ఏడవనా?”

“నిజంగానే ఇస్తున్నావా?”

“జీను కూడా వేసేశాను. జెండాకి ఇది బెదరదు గానీ, చప్పట్లు వింటే మాత్రం ఆగదు. కళ్ళెం బిగించకు, పోనివ్వు.”

“పడిపోతే?”

“పడవు. స్వారీలో నువ్వు నాకంటే ఒక మెట్టు పైనే. ఈ మాట ఇంకోసారి చెప్పమనకు.”

రాణి గుర్రమెక్కి జెండా అందుకుంది.

“గుర్రం నీదేనని మైకులో చెప్పిస్తాను.”

“పెప్పర్ ఎవరిదో ఈ ఊళ్ళో తెలియనిదెవరికి? పద, గేటు నేను తీస్తాను.”

“గేటు తీయడానికి వేరేవాళ్ళున్నారు కదా, నీకెందుకు?”

“దగ్గర్నుంచి చూడొద్దూ? నిన్ను కాదులే, నా గుర్రాన్ని.”